మిట్టమధ్యాహ్నం చవకైన కథ

(కర్నూలులో విద్యార్థులు, ఉపాధ్యాయులు, రైతులు కలిసి కూర్చున్న ఒక సభలో విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి లిఖిత పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో పల్లెల నుంచి శ్రమపడి వచ్చిన రైతు సోదరులకు, అక్కచెల్లెళ్ళకు, ఎదుట కూర్చున్న విద్యార్థులకు నా వందనాలు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు అనేవారు. మన సీమలో ఎండను ఎవరూ వరంగా తలచలేదు. వాన మొహం చాటేసిన ఏడు శెనక్కాయ చేనును ఊడ దిగకముందే మాడ్చినది ఎండ, చెరువు కడుపును నెర్రెలు బార్చినది ఎండ, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో ఇళ్ళకు తాళాలు వేయించి పిల్లాజెల్లాతో సహా జనాన్ని గుంటూరు మిరప చేలకు సుగ్గికి పంపినది కూడా, వానలేమితో చేతులు కలిపిన ఈ ఎండే. అలాంటి ఎండ ఇవాళ వేలంపాటలో ధర పలికే సరుకు అయింది. నా జీవితకాలంలో శాస్త్ర సాంకేతిక రంగాల్లో జరిగిన మార్పులన్నింటిలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరచినది ఏది అని ఎవరైనా అడిగితే, నేను సెల్‌ఫోన్ అని గాని, కృత్రిమ మేధ అని గాని చెప్పను. మిట్టమధ్యాహ్నపు కరెంటు చవకైపోవడం అని చెబుతాను. అది ఎలా జరిగిందో, దాని వల్ల మన నేలకు, ముఖ్యంగా మన నేల కింది నీటికి ఏమి జరగబోతున్నదో చెప్పడానికే ఇక్కడికి వచ్చాను.

కర్నూలు నుంచి నంద్యాల దారిలో ఓర్వకల్లు రాతి కొండలు దాటి పక్కకు తిరిగితే గని, శకునాల గ్రామాల పొలిమేరల్లో దాదాపు 6,000 ఎకరాల మేర నీలిరంగు ఫలకాలు పరచుకొని కనిపిస్తాయి. 2017లో పూర్తయిన ఆ సోలార్ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు. ఒకే చోట అంత పెద్ద ఏర్పాటు అప్పటికి ప్రపంచంలో చాలా అరుదు. చాలామంది దాని వైశాల్యం చూసి ఆశ్చర్యపోతారు. నన్ను ఆశ్చర్యపరచినది దాని ధర. ఆ పార్కు కోసం 2015 చివర జరిగిన తిరుగు వేలంలో, అంటే ఎవరు తక్కువకు ఇస్తామంటే వారికే దక్కే వేలంలో, యూనిట్ ధర 4 రూపాయల 63 పైసలకు దిగింది. అప్పటికి మన దేశంలో సౌర విద్యుత్తుకు అంత తక్కువ ధర ఎవరూ వినలేదు. ఆ ధరకు ఇచ్చి బతికి బట్టకట్టలేరని నిపుణులు అన్నారు. ఏడాదిన్నర తిరగకముందే, 2017 ఏప్రిల్‌లో, కడప జిల్లాలోని సోలార్ పార్కు కోసం జరిగిన వేలంలో ధర 3 రూపాయల 15 పైసలకు పడిపోయింది. మరుసటి నెలలోనే రాజస్థాన్‌లోని భడ్లాలో 2 రూపాయల 44 పైసలు పలికింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో అది 1 రూపాయి 99 పైసలైంది. ఈ వరుసకు మొదలెక్కడో కూడా చెప్పాలి. జాతీయ సౌర మిషన్ మొదలైన 2010లో కేంద్ర విద్యుత్ నియంత్రణ సంస్థ సౌర విద్యుత్తుకు నిర్ణయించిన ధర యూనిట్‌కు 17 రూపాయల 91 పైసలు. అంటే పదేళ్ళలో తొమ్మిదో వంతు. ఆ పదేళ్ళలోనే బంగారం, భూమి, చదువు, వైద్యం ఏ దిక్కుకు పోయాయో మీ అందరికీ అనుభవమే.

ఇంతగా ధర పడిపోయిందంటే ఏదో గొప్ప కొత్త ఆవిష్కరణ జరిగి ఉండాలని మనకు తోస్తుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను, తరగతి గదిలో అలాగే చెప్పాను కూడా. కానీ ఆవిష్కరణ పాతదే. కాంతి పడితే కొన్ని పదార్థాల్లో విద్యుత్తు పుడుతుందని ఫ్రాన్సు శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకెరెల్ 1839లోనే గమనించాడు. పనికివచ్చే సిలికాన్ సౌర ఘటాన్ని, అంటే ఫలకంలో అమర్చే సోలార్ సెల్‌ను, అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో డారిల్ చేపిన్, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ అనే ముగ్గురు తయారుచేసి 1954 ఏప్రిల్ 25న లోకానికి చూపించారు. ఉక్కపోత ఎక్కువగా ఉండే ఉష్ణ దేశాల్లో టెలిఫోన్ పరికరాలకు వాడే బ్యాటరీలు త్వరగా పాడవుతున్నాయి, వాటికి బదులు ఏదైనా ఉందా అన్న చిన్న అవసరం నుంచి ఆ పని మొదలైంది. ఆ ఘటం తన మీద పడిన ఎండలో నూటికి 6 వంతులను కరెంటుగా మార్చింది. ఇవాళ మన ఇంటి మీద బిగించే మంచి ఫలకం నూటికి 22 వంతుల దాకా మారుస్తుంది. డెబ్భై ఏళ్ళ పరిశోధనకు ఫలంగా సామర్థ్యం నాలుగింతలైనా కాలేదు. కానీ 1970ల మొదట్లో వాట్‌కు దాదాపు 100 డాలర్లున్న ఫలకం ధర, 2024 నాటికి చైనా ఫ్యాక్టరీ గేటు దగ్గర 10 సెంట్ల దరిదాపుకు వచ్చింది. సామర్థ్యం నాలుగింతలు కాకుండానే ధర వెయ్యో వంతైంది.

భౌతికశాస్త్రం ఇచ్చినది కొంత మాత్రమే. మిగిలినదంతా ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కావడానికి మనకు బేతంచెర్ల కన్నా మంచి పాఠశాల లేదు. అక్కడ నాపరాయిని కోసే ఫ్యాక్టరీలో నిలబడి చూసినవారికి తెలుసు, రంపం ఎంత మందంగా ఉంటే అంత రాయి పొడిగా మారి నీళ్ళతో కలిసి కాలువపాలవుతుంది. సిలికాన్ దిమ్మెను పలకలుగా కోసేటప్పుడూ అదే నష్టం. ఒకప్పుడు ఉక్కు తీగ మీద రాపిడి పొడి కలిపిన ద్రవాన్ని పోస్తూ కోసేవారు. ఎంతో ఖర్చుపెట్టి శుద్ధిచేసిన సిలికాన్‌లో దాదాపు సగం కోతలోనే పొడిగా పోయేది. తరువాత వజ్రపు రేణువులు అతికించిన సన్నని తీగతో కోయడం నేర్చుకున్నారు. తీగ సన్నబడింది, పలక కూడా పలచబడింది, వ్యర్థం తగ్గింది, కోత వేగం పెరిగింది. ఫలకం మీద గీసే వెండి గీతలు సన్నబడ్డాయి. దిమ్మెలు పెద్దవయ్యాయి. మనిషి చేత్తో అతికే తీగలను యంత్రాలు అతకసాగాయి. వీటిలో ఏ ఒక్కదానికీ పత్రికల మొదటి పుటలో చోటు దొరకలేదు. 2008లో సౌర ఘటాల సిలికాన్ కిలో 400 డాలర్లు దాటినప్పుడు, ఈ పరిశ్రమ ఇక ఇంతేనని రాసినవారున్నారు. ఆ ధరను చూసి కొత్త శుద్ధి కర్మాగారాలు పుట్టుకొచ్చి నాలుగేళ్ళలో దాన్ని 20 డాలర్ల దరికి దించాయి.

ఈ విషయానికి ఒక సూత్రం ఉంది. 1936లో థియోడార్ రైట్ అనే అమెరికా ఇంజనీరు విమానాల తయారీ లెక్కలు చూసి, మొత్తం తయారైన విమానాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కో విమానానికి పట్టే శ్రమ ఇంచుమించు నూటికి 20 వంతులు తగ్గుతున్నదని కనిపెట్టాడు. సౌర ఫలకాల విషయంలోనూ సరిగ్గా అలాంటి లెక్కే కుదిరింది: ప్రపంచంలో అప్పటిదాకా తయారైన ఫలకాల మొత్తం రెట్టింపైన ప్రతిసారీ ధర సుమారు ఐదో వంతు తగ్గుతూ వచ్చింది. విద్యార్థులు ఇక్కడ ఒక్క మాట గమనించాలి. గడిచిన కాలం వల్ల ధర తగ్గలేదు, చేసిన పని వల్ల తగ్గింది. ఎవరూ కొనకుండా, ఎవరూ చేయకుండా ఇరవై ఏళ్ళు ఎదురుచూసి ఉంటే ధర ఉన్నచోటే ఉండేది. చేసేకొద్దీ చేతికి వచ్చే నేర్పును మన కంసాలి, కుమ్మరి, నేతకారుడు ఎప్పటి నుంచో ఎరుగుదురు. ఆ నేర్పు ఒక మనిషి చేతిలో కాక, ఖండాలు దాటి ఒక పరిశ్రమ మొత్తంలో కూడబడటం ఇక్కడి విశేషం.

అయితే ఖరీదైన వస్తువును మొదట కొన్నవారెవరు? ఈ ప్రశ్నకు వచ్చే జవాబులు నాకు ఎంతో ఆసక్తికరంగా కనిపిస్తాయి. మొదట అంతరిక్షం కొన్నది. 1958 మార్చిలో ఎగిరిన వాన్‌గార్డ్-1 ఉపగ్రహంలోని ఒక ట్రాన్స్‌మిటర్ సౌర ఘటాలతో 1964 దాకా పనిచేసింది. ఆ ఉపగ్రహం ఇప్పటికీ భూమి చుట్టూ తిరుగుతూనే ఉంది. తరువాత కొన్నవి చమురు కంపెనీలు. సముద్రంలోని చమురు వేదికల మీద హెచ్చరిక దీపాలకు బరువైన బ్యాటరీలు మోసుకుపోవడం కన్నా సౌర ఫలకం చవక అని 1970లలో తేలింది. ఎలియట్ బెర్మన్ అనే రసాయన శాస్త్రవేత్త, ఎక్సాన్ పెట్టుబడితో, ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ పనికిరావని పక్కన పడేసిన సిలికాన్ పలకలను వాడి వాట్ ధరను 100 డాలర్ల నుంచి 20 డాలర్లకు తెచ్చాడు. చమురు ధర మండిపోయిన తరువాత జపాన్ 1974లో తన సౌర పరిశోధన పథకాన్ని ప్రారంభించింది. అక్కడి కంపెనీలు చేతి లెక్కల యంత్రాల్లో వేలెడంత ఘటాలు పెట్టి అమ్మాయి. ఇక జర్మనీ 2000లో ఒక చట్టం చేసి, ఇంటి కప్పు మీద పుట్టిన ప్రతి యూనిట్‌కూ 20 ఏళ్ళపాటు నిర్ణీత ధర చెల్లిస్తామని పౌరులకు హామీ ఇచ్చింది. ఎండ తక్కువగా ఉండే ఆ దేశపు సామాన్య గృహస్థులు తమ కరెంటు బిల్లులో అదనంగా కట్టిన సొమ్మే ప్రపంచంలో ఈ పరిశ్రమను నిలబెట్టింది. గని, శకునాల ఫలకాల్లో ఆ జర్మన్ గృహస్థుల డబ్బు కూడా కొంత ఉన్నదని చెబితే తప్పు కాదు. వారికి మనం కృతజ్ఞులమై ఉండాలని నా నమ్మకం.

మరొక పాయ ఆస్ట్రేలియా నుంచి సాగింది. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గ్రీన్ అనే ఆచార్యుడు సిలికాన్ ఘటాల సామర్థ్యంలో ఏళ్ళతరబడి ప్రపంచ రికార్డులు నెలకొల్పాడు. ఆయన దగ్గర పరిశోధన చేసిన షీ ఝెంగ్‌రోంగ్ అనే చైనా విద్యార్థి స్వదేశానికి తిరిగివెళ్ళి 2001లో వూషీ నగరంలో సన్‌టెక్ అనే కంపెనీ పెట్టాడు. జర్మనీలో గిరాకీ ఉంది, జర్మన్ యంత్రాలున్నాయి, ఆస్ట్రేలియాలో నేర్చిన విద్య ఉంది, చైనాలో స్థానిక ప్రభుత్వాల అండ, పనిచేసే చేతులు ఉన్నాయి. కొన్నేళ్ళలోనే ఆ కంపెనీ ప్రపంచంలో అగ్రస్థానానికి చేరింది. తరువాత, తనలాంటివారే వందలుగా పుట్టి ధరలు కుప్పకూల్చడంతో 2013లో దాని ప్రధాన సంస్థ దివాలా తీసింది. ఆర్థికశాస్త్ర విద్యార్థులు ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి. దారి వేసినవారు చాలామంది నష్టపోయారు: అమెరికా కనిపెట్టింది, జపాన్ పెంచింది, జర్మనీ డబ్బు పోసింది, చైనా కంపెనీలు ఒకదాన్నొకటి నరుక్కుంటూ తయారుచేశాయి. ఏమీ కనిపెట్టని, తొలి ఖర్చు పెద్దగా మోయని మనలాంటి ఎండ దేశాలకు చివరకు చవక సరుకు దక్కింది. ఆ సరుకుకు ఒకే దేశం మీద ఇంతగా ఆధారపడటం మంచిదా అన్నది వేరే ప్రశ్న, చిన్న ప్రశ్న కూడా కాదు; ఇప్పుడిప్పుడే మన దేశంలోనూ ఫలకాల ఫ్యాక్టరీలు పెరుగుతున్నాయి.

ఇంత మార్పును ముందుగా ఊహించవలసినవారు ఊహించలేకపోయారు. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2009లో, ప్రపంచ సౌర విద్యుత్ సామర్థ్యం 2030 నాటికి 244 గిగావాట్లకు చేరుతుందని అంచనా వేసింది. అది 2016లోనే ఆ గీత దాటిపోయింది. 2004లో ప్రపంచమంతా కలిసి ఒక గిగావాట్, అంటే మన గని పార్కు అంత, బిగించడానికి ఏడాది పట్టింది. 2010లో నెల పట్టింది, 2016లో వారం పట్టింది. 2023కు వచ్చేసరికి సగటున రోజుకొక గిగావాట్ చొప్పున బిగించారు. ప్రపంచం మొదటి 1,000 గిగావాట్లకు చేరడానికి దాదాపు డెబ్భై ఏళ్ళు పడితే, రెండో 1,000 గిగావాట్లకు రెండేళ్ళు చాలాయి. మన దేశంలో 2014 మార్చి నాటికి ఉన్నది సుమారు 2,600 మెగావాట్లు; 2025 జనవరిలో అది లక్ష మెగావాట్లు దాటింది.

ఆ నిపుణులు తెలివితక్కువవారు కారు. వారు ఇంధనం అంటే గని నుంచి తవ్వితీసేదని అలవాటుగా ఆలోచించారు. ముద్దనూరు దగ్గరి రాయలసీమ తాప విద్యుత్ కేంద్రానికి బొగ్గు వందల కిలోమీటర్ల దూరం నుంచి రైళ్ళలో రావాలి. ఎంత ఎక్కువ కావాలంటే అంత లోతుకు తవ్వాలి, అన్ని రైళ్ళు నడపాలి. నిన్న కాల్చిన బొగ్గు రేపటి బొగ్గును చవక చేయదు. ఫలకానికి మాత్రం ఇంధనం లేదు. అది ఒకసారి కొన్న వస్తువు, పాతికేళ్ళు పనిచేసే యంత్రం. అందుకే దాని ధర బొగ్గు ధరలా నడవలేదు, టెలివిజన్ ధరలా నడిచింది.

ఇక్కడ విద్యార్థుల కోసం చిన్న పక్కమాట. రోళ్ళు పగిలే ఎండలో ఫలకం ఎక్కువ కరెంటు ఇస్తుందని మీరు అనుకుంటున్నట్లయితే అది పొరపాటు. ఫలకానికి కావలసినది వెలుగు మాత్రమే. వేడి దానికి పడదు. ఘటం ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకి దాని ఉత్పత్తి నూటికి 0.4 వంతు దరిదాపు తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం ఫలకం 60 డిగ్రీలకు పైగా వేడెక్కితే ఏడో వంతు ఉత్పత్తి అక్కడే పోతుంది. మబ్బు లేని, గాలి చల్లగా వీచే మాఘ, ఫాల్గుణ మాసాలే దానికి ఇష్టమైన రోజులు. దుమ్ము పడితే మరికొంత పోతుంది, దుమ్ము కడగడానికి నీళ్ళు కావాలి. నీళ్ళ మాట మళ్ళీ చెబుతాను.

చవక కావడంతో కథ ముగిసి ఉంటే ఇది కేవలం శుభవార్త అయ్యేది. కానీ చవకైనది కరెంటు కాదు, మధ్యాహ్నపు కరెంటు. రాత్రి 7 గంటలకు ఇళ్ళలో దీపాలు, ఫ్యాన్లు, మిక్సీలు, టీవీలు ఒక్కసారిగా మొదలయ్యే వేళకు ఎండ ఉండదు. ఒకే సరుకుకు పగలొక విలువ, రాత్రొక విలువ ఏర్పడింది. టమాటా పంట అందరికీ ఒకేసారి వస్తే మదనపల్లె మార్కెట్‌లో ఏమవుతుందో మనకు తెలుసు. సరిగ్గా అదే జరిగింది. జర్మనీలో కొన్ని ఆదివారాల మధ్యాహ్నాలు కరెంటు ధర సున్నా కన్నా కిందికి పోయింది, అంటే కరెంటు తీసుకుపోయినవారికే ఎదురు డబ్బిచ్చారు. మన దేశంలో కూడా 2023లో నిబంధనలు మార్చి, ఎండ వేళల్లో వాడే కరెంటుకు మామూలు ధర కన్నా కనీసం నూటికి 20 వంతులు తక్కువ వసూలు చేయాలన్నారు. 2024 ఏప్రిల్ నుంచి పెద్ద వ్యాపార, పారిశ్రామిక వినియోగదారులతో దాన్ని మొదలుపెట్టారు. నా చిన్నతనంలో కరెంటు బిల్లు ఎన్ని యూనిట్లు కాల్చామన్న దాన్ని బట్టే వచ్చేది. ఇకముందు ఏ వేళకు కాల్చామన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

మధ్యాహ్నాన్ని సాయంత్రం దాకా దాచిపెట్టడం ఎలా? పాణ్యం దగ్గర పిన్నాపురం కొండ మీద 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు పెట్టింది ఇందుకే. కొండ పైన ఒక జలాశయం, కింద ఒక జలాశయం. పగలు మిగిలిన కరెంటుతో నీటిని పైకి ఎక్కిస్తారు, చీకటి పడ్డాక ఆ నీటినే కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. నాలుగు యూనిట్లు ఖర్చు పెడితే మూడు యూనిట్లకు కొంచెం పైగా తిరిగి వస్తాయి. ఆవిరైపోయినంత మేరకు మాత్రమే కొత్త నీరు కలపాలి. రెండో మార్గం లిథియం బ్యాటరీ. 1991లో వీడియో కెమెరాల కోసం సోనీ కంపెనీ మార్కెట్‌లోకి తెచ్చిన ఆ వస్తువు కూడా ఫలకం నడిచిన దారినే నడిచింది: 2010లో ఒక యూనిట్ కరెంటును దాచగల బ్యాటరీ 1,000 డాలర్లకు పైగా ఉండేది, 2024లో సగటున 115 డాలర్లకు వచ్చింది. కొండ మీది నీటికి, పెట్టెలోని లిథియానికి మధ్య పోటీలో ఎవరు గెలుస్తారన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు, రెండూ ఉంటాయి.

భూమి విషయం కొంచెమే చెబుతాను, ఎందుకంటే ఇక్కడున్న రైతులు నాకన్నా బాగా చెప్పగలరు. పట్టా ఉన్నవారికి కౌలు వస్తుంది, వాన పడినా పడకపోయినా వస్తుంది. ఆ భూమిని కౌలుకు చేసుకుంటున్నవారికి, ఆ బీళ్ళలో గొర్రెలు మేపుకొనేవారికి, కలుపు తీసి కూలి తెచ్చుకొనే ఆడవాళ్ళకు ఏమీ రాదు. ఫలకాల కింద గొర్రెల మేతకు అనుమతి ఇవ్వడం ఎన్నో దేశాల్లో మామూలైంది. మన కంచెలకు కూడా గేట్లు పెట్టడానికి అడ్డంకి ఏమిటో నాకు అర్థం కాదు. రోళ్ళపాడు గడ్డి మైదానాల్లో కనుమరుగైపోతున్న బట్టమేక పిట్టకు విద్యుత్ తీగలు యమపాశాలు అవుతాయని కూడా కొత్త తీగలు లాగే ముందు గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు నీళ్ళ మాట. మా తాతగారి కాలంలో మా ఊళ్ళో కపిల తోలేవారు. రెండు ఎద్దులు, ఒక తోలు బాన, ఒక మోకు. ఎద్దులు అలసిపోతే నీరు ఆగిపోయేది. బావి అడుగంటే వేళకు ఎద్దులే ఆగేవి. నీటికి కాపలా ఉన్నది ఆ ఎద్దుల అలసట. తరువాత ఆయిలు ఇంజన్ వచ్చింది. దాని డీజిల్ ఖర్చు కాపలా కాసింది. తరువాత కరెంటు మోటారు, ఆ తరువాత బోర్లు, ఆ బోర్లలోకి దించే సబ్‌మెర్సిబుల్ మోటార్లు వచ్చాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చినప్పుడు అప్పుల్లో మునిగిన రైతుకు అది ఊపిరి పోసింది. దాన్ని తప్పుపట్టే సాహసం నేను చేయను. కానీ అప్పటి నుంచి నీటికి కాపలాగా మిగిలినది ఒక్కటే, కరెంటు వచ్చే వేళలు. ఆ వేళలు చాలాకాలం రాత్రిపూట ఉండేవి. మా చిన్నాయన ఒక శ్రావణమాసపు రాత్రి, రెండు గంటల వేళ, మోటారు వేయడానికి టార్చిలైటు పట్టుకొని చేను గట్టు మీద పోతూ పాము కాటుకు గురయ్యాడు. తెల్లవారేసరికి మాకు మిగలలేదు. అందువల్ల పగటిపూట తొమ్మిది గంటల కరెంటు అన్న మాట వినగానే నాకు మొదట గుర్తొచ్చేది ఆయనే. సౌర విద్యుత్తు రాకపోతే పగటిపూట అంత కరెంటు వ్యవసాయానికి ఇవ్వడం సులభమయ్యేది కాదు. ఈ మేలును నేను ఏనాడూ మరిచిపోను.

ఆ మేలును గుర్తుంచుకొనే నా భయాన్ని కూడా చెబుతున్నాను. 1865లో విలియం స్టాన్లీ జెవాన్స్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త ఒక సంగతి గమనించాడు: ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయడం నేర్చుకొన్నాక, దేశంలో బొగ్గు వాడకం తగ్గవలసింది పోయి పెరిగింది. పని చవకైతే ఆ పనిని జనం ఇంకా ఎక్కువగా చేయించుకుంటారు. నీరు తోడటం కూడా ఒక పనే. 2024లో మన పొరుగున పాకిస్థాన్ ఇంచుమించు 17 గిగావాట్ల ఫలకాలు దిగుమతి చేసుకుంది. ఆ దేశపు విద్యుత్ కేంద్రాలన్నింటి సామర్థ్యంలో అది మూడో వంతుకు పైగా ఉంటుంది. ఏ ప్రభుత్వ ప్రణాళికా లేకుండా, కరెంటు బిల్లులు భరించలేక గృహస్థులు, రైతులు తామే కొనుక్కున్నారు. అక్కడి పంజాబు మైదానాల్లో గొట్టపు బావులు ఎండతో నడుస్తున్నాయి, నీటి మట్టం దిగిపోతున్నదన్న ఆందోళన మొదలైంది. అది సింధు నదీ మైదానం, వందల అడుగుల మందాన ఇసుక, ఒండ్రు ఉన్న నేల. అనంతపురం జిల్లాలో మనకున్నది నల్లరాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన. ఆ వానలో రాతి పగుళ్ళలోకి ఇంకినదే మన నీరు. పగులు ఖాళీ అయితే ఫలకం ఎంత మెరిసినా మోటారు గాలినే తోడుతుంది. ఎద్దుల అలసట, డీజిల్ ఖర్చు, కరెంటు కోత అన్న మూడు కాపలాలూ తొలగిపోయిన మొదటి తరం మనదే.

ఏమి చేయాలి? పంపులు ఇవ్వవద్దనడం అన్యాయం. గుజరాత్‌లోని ధుండి అనే చిన్న ఊరిలో 2016లో ఆరుగురు రైతులు ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. వారి సోలార్ పంపులను కరెంటు లైనుకు కలిపారు. చేనుకు నీరు చాలాక మోటారు ఆపితే, మిగిలిన కరెంటు లైనులోకి పోయి రైతు ఖాతాలో డబ్బు పడుతుంది. ఒక గంట అదనంగా నీరు తోడటం అంటే ఒక గంట ఆదాయం వదులుకోవడం. ఎద్దుల తరువాత పోయిన కాపలా అక్కడ మళ్ళీ వచ్చింది, ఈసారి రైతు లాభం రూపంలో. రైతులకు సోలార్ పంపుల కోసం 2019లో కేంద్రం మొదలుపెట్టిన కుసుమ్ పథకంలో పంపులను ఇలా లైనుకు కలిపే వీలు కల్పించారు. కానీ ఆచరణలో లైనుకు కలపని విడి పంపులు తీసుకోవడమే ఎక్కువగా సాగింది, ఎందుకంటే అది సులభం. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో లైనుకు కలిపిన పంపుకే పెద్దపీట వేయాలని నేను గట్టిగా కోరుతున్నాను. యూనిట్‌కు చెల్లించే ధర, ఆ ఎకరంలో అదనపు తడితో వచ్చే పంట విలువ కన్నా మేలుగా ఉండేలా నిర్ణయించాలి; లేకపోతే రైతు తోడుతూనే ఉంటాడు, అతణ్ణి తప్పుపట్టలేం. డబ్బు నెలనెలా పడాలి. ఆరు నెలలు బకాయి పెడితే ఏర్పాటు మీద నమ్మకం ఒక్క పంటకాలంలోనే చచ్చిపోతుంది. మోటారుకు ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టి, కరెంటు ఉన్నంతసేపూ దానంతటదే నడిచేలా వదిలేసే అలవాటు మన ఊళ్ళలో ఎంతగా పాతుకుపోయిందో నాకు తెలుసు. డబ్బు కళ్ళపడితే తప్ప ఆ స్టార్టర్ ఊడదు.

దీనికి ముందు చేయవలసిన పని ఒకటుంది, అది విద్యార్థులది. మన కింద ఎంత నీరు ఉన్నదో, ఏ నెలకు ఎంత దిగుతున్నదో మన ఊరికి మనం కొలుచుకోవాలి. నేను ఉద్యోగ విరమణ చేసిన నాటి నుంచి ప్రతి నెలా పౌర్ణమి మరునాడు మా ఊరి పాత కపిల బావిలోకి, పక్కనున్న రెండు పాత బోర్లలోకి, బరువు కట్టిన టేపు దించి నీటి మట్టం రాసుకుంటున్నాను. ఖర్చు టేపు వెల మాత్రమే. పక్క ఊళ్ళ పిల్లలు ఇద్దరు ఈ ఏడు నాతో చేరారు. ఆ కొలతల పుస్తకాన్ని ఇవాళ వెంట తెచ్చాను, ద్వారం దగ్గరి బల్ల మీద ఉంచాను. మీ ఊళ్ళో పాడుబడిన బావి గాని, మూసివేయని పాత బోరు గాని ఉంటే పుస్తకం చివరి పుటలో ఊరి పేరు రాసి వెళ్ళండి; వచ్చే పౌర్ణమి మరునాడు టేపు తీసుకొని నేనే వస్తాను.